ఇసుకలోకి దూరిన శంఖు ఎండ్రకాయ 18 రోజులైనా బయటికి రాలేదు, బతికే ఉందా?

వేదాయపాళెం డే కేర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, వేదాయపాళెం. ఇంట్లోనే చిన్న డే కేర్ నడుపుతున్నాను. ఎనిమిది మంది పిలకాయలు వస్తారు. అందరిలోకి చిన్నది ఏడాది రెండు నెలల పాప, పెద్దవాడికి ఐదేళ్లు. బడి వదిలాక సాయంత్రం ఎనిమిదేళ్ల వాళ్లు ఇంకో ఇద్దరు వస్తారు.

రెండు నెలల కిందట మా తమ్ముడు చెన్నై నుంచి వస్తూ ఒక అక్వేరియం షాపులో మూడు హెర్మిట్ క్రాబ్స్ కొనుక్కొచ్చాడు. ఖాళీ శంఖంలో ఒళ్లు దాచుకుని తిరుగుతుంటాయే, పుస్తకాల్లో సన్యాసి పీత అని రాస్తారు, అవి. మా పిలకాయలు వాటికి శంఖు ఎండ్రకాయలు అని పేరు పెట్టుకున్నారు. రెండింటికి మామూలు గుల్లలు, ఒకదాని గుల్లకి మాత్రం నీలం రంగు పూసి కార్టూన్ బొమ్మ అతికించారు. గాజు పెట్టె, కాస్త ఇసుక, నీళ్లలో తడిపిన స్పాంజి, రోజూ చిటికెడు మేత చాలని షాపులో చెప్పారట. అలాగే చేశాను. మూలన ఇసుక ఎక్కువగా పోసి నాలుగు అంగుళాల మిట్టలా చేశాను.

మూడింటిలో పెద్దది, నిమ్మకాయంత గుల్ల ఉన్నది, 18 రోజుల కిందట ఆ మిట్టలోకి దూరింది. గుల్ల కొస గోరంత బయటికి కనిపిస్తోంది. కదలిక లేదు. వాసన కూడా లేదు. షాపుకి ఫోన్ చేస్తే చచ్చిపోయి ఉంటుంది, తీసి పారేయండి, ఇంకోటి ఇస్తాం అన్నారు. నాకు మనసు ఒప్పలేదు. పొద్దున రాగానే చెప్పులు కూడా విప్పకుండా పెట్టె దగ్గరికి పరిగెత్తి "ఆంటీ, లేచిందా?" అని అడిగే పిల్లలకి ఇంకొకటి తెచ్చి ఇదే అది అని ఎలా చెప్పను?

ఇంకో సంగతి. పోయిన నెల ఒక పాప వాళ్ల నాన్న మైపాడు బీచ్‌కి వెళ్లి, చిన్న చిన్నవి ఐదు సీసాలో పట్టుకొచ్చి ఇచ్చారు. రెండు రోజుల్లో అన్నీ చనిపోయాయి. అవి ఎందుకు పోయాయో ఇప్పటికీ అర్థం కాలేదు. ఇప్పుడు ఒక బాబు వాళ్ల అమ్మ, ఆమె నర్సు, పిల్లలున్న చోట ఇవి పెట్టడం మంచిది కాదు, తీసేయండి అంటున్నారు. నాకు రెండు వైపులా టెన్షన్‌గా ఉంది. ఇసుక తవ్వి చూడనా? అసలు డే కేర్‌లో వీటిని ఉంచవచ్చా? గదిలో పగలు 11 నుంచి 4 దాకా ఏసీ నడుస్తుంది, అది కూడా చెప్పాలి కదా.

కావలి నుంచి:

తవ్వి చూస్తే తేలిపోతుంది కదండీ. పోయి ఉంటే పిల్లలు లేని టైమ్‌లో తీసేయండి. పిల్లలకి తాబేలు అయితే బాగుంటుంది. వీపు మీద నక్షత్రాలుండే తాబేళ్లు అమ్మేవాళ్లు ఉన్నారు, కరవవు, చెయ్యి మీద పెట్టుకోవచ్చు.

ఒంగోలు, కొత్తపట్నం రోడ్డు:

తవ్వకండి అమ్మా. ముందు ఈ ఒక్క మాట విని, మిగతాది పిల్లలు నిద్రపోయాక చదవండి.

నేను ఒంగోల్లో మా ఇంట్లో పదకొండేళ్లుగా పిల్లల్ని చూసుకుంటున్నాను. ఈ ఎండ్రకాయలు నా దగ్గరికి వచ్చి ఆరేళ్లు. మొదటి ఏడాది నేనూ మీలాగే 20 రోజులు ఎదురుచూసి, ఒక పిల్లాడు ఏడుస్తుంటే చూడలేక గరిటెతో ఇసుక తీశాను. లోపల అది బతికే ఉంది. ఒలిచిన రొయ్యలా మెత్తగా, పాలిపోయి ఉంది. కాళ్లు కూడదీసుకోలేకపోయింది. సాయంత్రానికి చనిపోయింది. పాత ఒంటి పెంకు విడిచి కొత్తది గట్టిపడే దాకా అది చీకట్లో, తడి ఇసుకలో, ఎవరూ కదిలించకుండా ఉండాలి. నేను దాన్ని మధ్యలో లాగేశాను. ఆ గరిటె మళ్లీ వంటకి వాడలేదు.

కుబుసం విడవడానికి చిన్నవాటికి కొన్ని వారాలు, పెద్దవాటికి రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. విడిచిన పెంకుని అదే తింటుంది, అందులోని కాల్షియం కొత్త పెంకుకి కావాలి. అందుకని బయటికి వచ్చాక కాళ్లలాంటి పెంకు ముక్కలు కనిపిస్తే చచ్చిందనుకుని పారేయకండి. చచ్చిన ఎండ్రకాయ వాసన మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, గదిలో ఉండలేరు. మీకు 18 రోజులైనా వాసన లేదంటే నాకు ఆశగానే ఉంది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఒకటుంది. మీ ఇసుక లోతు చాలలేదు కాబట్టి మిగతా రెండూ దాన్ని తవ్వి కొరకవచ్చు. రెండు లీటర్ల నీళ్ల సీసా పైభాగం, అడుగు కోసేసి, ఆ గొట్టాన్ని దాని చుట్టూ నెమ్మదిగా ఇసుకలోకి దించండి. గాజుకి ఆ మూలన బయటి వైపు నల్ల కాగితం అంటించండి. ఇసుక ఎండిపోతుంటే గొట్టం అంచు వెంబడి కొద్దిగా నీళ్లు, అంతే. అది వచ్చాకే పెట్టె మార్చండి.

మార్చేటప్పుడు లోతు కనీసం ఆరంగుళాలు ఉండాలి, పెద్ద ఎండ్రకాయ ఎత్తుకి మూడింతలు. ఐదు పాళ్లు కడిగిన ఇసుక, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపి, పిల్లలు కాలి మీద పిచ్చుకగూడు కడితే నిలబడేంత తడి చెయ్యాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు పెట్టెలో ఆరంగుళాలు పోస్తే ఇసుకే 45 కిలోలు దాటుతుంది. పిల్లలు పట్టుకుని లేచి నిలబడే ఇంట్లో దాన్ని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టకూడదు. నేను గోడ వారన ఇటుకలు పేర్చి, పైన చీమకుర్తి బండ ముక్క వేయించి, దాని మీద పెట్టాను. ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకండి, మే నెలలో గాజు పెట్టె గంటలో ఉడికిపోతుంది.

ఏసీ సంగతి మీరే చెప్పారు, మంచిదైంది. ఇవి నేల మీద తిరిగినా ఊపిరి తీసుకునేది మొప్పలతోనే. మొప్ప ఆరిపోతే గాలి అందదు. పెట్టెలో గాలి తేమ 75 నుంచి 85 శాతం, వేడి 24 నుంచి 29 డిగ్రీలు ఉండాలి. ఏసీ గాలి ఆ తేమని పీల్చేస్తుంది. స్పాంజి ఒక్కదానితో కుదిరే పని కాదు. పైన జాలీ మూత ఉంటే తీసేసి గాజు పలక మూత పెట్టించండి, ఒక మూలన వేలు సందు చాలు. లోపల తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి అతికించండి. నేను మొదట్లో చేత్తో అంచనా వేసేదాన్ని, మీటరు పెట్టాక చూస్తే 52 ఉంది.

దోమల మందు. దీని గురించి షాపులో ఎవరూ చెప్పరు. దోమల్ని, బొద్దింకల్ని చంపే మందు ఎండ్రకాయనీ చంపుతుంది. ఆ గదిలో కాయిల్, లిక్విడ్, స్ప్రే ఏదీ వద్దు. నేను కిటికీలకి మెష్ కొట్టించి, మధ్యాహ్నం పిల్లలకి దోమతెర కడుతున్నాను. రాగి గిన్నెలో నీళ్లు కూడా పెట్టకండి, రాగి వాటికి విషం. మట్టి మూకుళ్లు రెండు పెట్టండి, ఒకదానిలో మంచినీళ్లు, ఒకదానిలో ఉప్పునీళ్లు. రెండూ కావాలి. పడినా మునిగిపోకుండా ఎక్కి రావడానికి గులకరాళ్లు వెయ్యండి.

మేతకి డబ్బా కొనక్కర్లేదు. పచ్చికొబ్బరి, ఉడికిన గుడ్డు పెంకుతో సహా, క్యారెట్, అరటిపండు, ఉప్పు వెయ్యని ఎండు రొయ్య. పప్పు, కూర కలిపిన అన్నం వద్దు.

మైపాడు నుంచి తెచ్చినవి చనిపోయింది మీ తప్పు వల్ల కాదు. అలల దగ్గర దొరికే చిన్నవి సముద్రంలో బతికే రకం. సీసాలో నీళ్లు వేడెక్కి, గాలి అయిపోతే ఎంతోసేపు ఉండలేవు. ఆ నాన్నగారికి మెల్లగా చెప్పండి, ఈసారి అక్కడే కూర్చుని పిల్లలకి చూపించి అక్కడే వదలమని. ఖాళీ గవ్వలు, శంఖాలు కూడా సంచులతో ఏరుకురావద్దని చెప్పండి. వీటికి సొంతంగా గుల్ల చేసుకోవడం రాదు, చచ్చిన నత్త వదిలిందే వీటి ఇల్లు. మనం ఇంటికి తెచ్చే ప్రతి గుల్లా ఒకదాని ఇల్లు. నేల మీద తిరిగేవాటి పిల్లలు కూడా పుట్టేది సముద్రంలోనే. షాపుల్లో అమ్మేవి ఎవరో పెంచినవి కావు, ఒడ్డున పట్టుకొచ్చినవి. ఈ సంగతి తెలిశాక నేను కొత్తవి కొనలేదు. ఉన్నవాటిని మాత్రం ప్రాణంగా చూసుకుంటున్నాను. బాగా చూస్తే 30 ఏళ్లు కూడా బతుకుతాయి.

ఆ నర్సమ్మగారి మాట కొట్టిపారేయకండి. కావలి వారు తాబేలు అన్నారు, అది అసలే వద్దు. నక్షత్ర తాబేలుని కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా తాబేళ్ల వల్ల సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే క్రిమి సోకుతుందని, ఐదేళ్ల లోపు పిల్లలున్న చోట తాబేళ్లు, బల్లి జాతులు, కప్పలు ఉంచవద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఎండ్రకాయ తొట్టిలోని నీళ్లలో కూడా సూక్ష్మక్రిములు ఉండవచ్చు కాబట్టి నేను అదే జాగ్రత్త పాటిస్తాను. నా దగ్గర ఐదేళ్ల లోపు వాళ్లు గాజు బయటి నుంచి చూడటమే. మూతకి క్లిప్పులు. మూకుళ్లు వంటింటి సింకులో కడగను, బాత్రూంలో విడి బకెట్. ముట్టుకున్న ప్రతిసారీ నేనూ సబ్బుతో కడుక్కుంటాను, పిల్లలు చూసి నేర్చుకుంటారు. అదనంగా ఉంచే చిన్న గుల్లలు ఏడాది పాప నోట్లో పెట్టుకునే సైజు, వాటిని బీరువా పైన పెట్టండి.

ఎనిమిదేళ్ల వాళ్లు పట్టుకుంటామంటే అరచెయ్యి చాచి, ఇసుకకి దగ్గరగా ఉంచమనండి. భయపడితే ఎడమ వైపు పెద్ద కొండితో పట్టేస్తుంది. గుంజితే దాని కాలు ఊడుతుంది, పిల్లాడి చర్మం చీలుతుంది. చేతిని కుళాయి ధార కింద పెడితే వదులుతుంది.

తోటపల్లి గూడూరు రొయ్యల చెరువులు:

పై అక్క చెప్పిందంతా నిజం మేడం. మా చెరువుల్లో రోజూ చూసేదే. రొయ్య కుబుసం విడిచిన పూట మెత్తగా ఉంటుంది, పక్క రొయ్యలే తినేస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర మేము మేత తగ్గించి కాపలా కాసేది అందుకే. ఆ సీసా గొట్టం ఈ రోజే పెట్టండి.

ఉప్పునీళ్ల గురించి ఒక మాట. వంటింట్లో అయోడిన్ ఉప్పు వద్దు. కల్లుప్పు కలిపితే చాలు కదా అని చాలామంది అడుగుతారు. ఉప్పు మడిలో గడ్డ కట్టాక మిగిలే చేదునీళ్లని తీసేస్తారు, మెగ్నీషియం చాలావరకు అందులోనే పోతుంది. పెంకు గట్టిపడాలంటే కాల్షియంతో పాటు అదీ కావాలి. అక్వేరియం సముద్రపు ఉప్పు కొని, లీటరుకి 35 గ్రాములు కలపండి. లేదా మైపాడు నుంచి క్యాను నిండా సముద్రపు నీళ్లు తెచ్చి, గుడ్డతో వడకట్టి, మూతపెట్టి ఉంచుకోండి. కాలవ కలిసే చోట పట్టవద్దు. అక్టోబరు నుంచి వానలప్పుడు సముద్రంలోనే ఉప్పు తగ్గుతుంది, అప్పుడు ప్యాకెట్ ఉప్పే మేలు. చెరువు నీళ్లు ఎవరు ఇచ్చినా తీసుకోకండి, మందులు పడి ఉంటాయి.

రాగి మాట కూడా సరే. నాచు పోవడానికి మైలుతుత్తం (రాగి ఉండే మందు) వెయ్యాలంటే మేము పదిసార్లు లెక్క చూసుకుంటాం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వెడల్పు ప్లాస్టిక్ టబ్బులో ఒక రోజు వదిలేసి వాడండి.

వేదాయపాళెం డే కేర్:

అక్కా, తమ్ముడూ, ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆ రాత్రే గొట్టం దించాను. నల్ల కాగితం అంటించి, దాని మీద "నిద్రపోతోంది" అని రాశాను. చదవడం రాని వాళ్లు కూడా అక్కడికి వస్తే గుసగుసగా మాట్లాడుతున్నారు. మీటరు తెప్పించి పెడితే ఏసీ టైమ్‌లో 48 చూపించింది. గాజు మూత పెట్టించాక 78 దగ్గర నిలబడింది. దోమల లిక్విడ్ ఆ గదిలోంచి తీసేశాను.

ఆ నర్సు మేడంకి అక్క రాసింది చదివి వినిపించాను. ఆవిడ వచ్చి మూత, క్లిప్పులు, బాత్రూంలో బకెట్ అన్నీ చూశారు. బాబు ఐదేళ్లు నిండే దాకా లోపల చెయ్యి పెట్టకూడదు, పెట్టె మీద చెయ్యి వేసినా సబ్బుతో కడగాలి అన్నారు. ఒప్పుకున్నాను. బేసిన్ దగ్గర చిన్న పీట కూడా వేశాను.

పోయిన వారం రంగు వెయ్యని గుల్లలు నాలుగు, మూతి గుండ్రంగా ఉన్నవి, పెట్టెలో వేశాను. రంగు గుల్లలో ఉన్నది అరగంట సేపు ఒక్కోదాన్ని కొండితో తడిమి, తిప్పి, లోపల కొలిచి, రెప్పపాటులో గోధుమ రంగు దానిలోకి మారిపోయింది. ఆ క్షణం నలుగురు పిల్లలు చూశారు. దాని వెనక భాగం మెత్తగా, వంకరగా ఉండటం మొదటిసారి చూసి వాళ్లకి మాట రాలేదు. రంగు గుల్ల తీసేశాను, లోపల పెయింట్ పెచ్చులు లేచి ఉన్నాయి. మూడేళ్ల పాప ఒకతి బొమ్మ పోయిందని రెండు రోజులు అలిగింది. ఇప్పుడు ఆ కొత్త గుల్లనే తన పేరు పెట్టి పిలుస్తోంది.

ఇసుకలోది ఇంకా రాలేదు. ఇవాళ్టికి 33 రోజులు. వాసన లేదు. మూకుళ్లలో నీళ్లు రోజూ మారుస్తున్నాను.