అప్‌డేట్: రొయ్యల వ్యాన్ మ్యాప్‌లో కాలవలోకి దిగిపోవడం గురించి

మొన్న అడిగాను కదండీ, రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా భీమవరం వెళ్లే మా వ్యాన్ కాలవ గట్టు ఎక్కితే, ట్రాకర్ (ఉపగ్రహాల సిగ్నల్‌తో బండి ఎక్కడుందో కనిపెట్టే పరికరం) చూపించే మ్యాప్‌లో నీళ్లలో తేలుతోందని, మధ్యలో అరగంట ఆగినట్టు చూపిస్తోందని. ఓ కొలిక్కి వచ్చింది.

మీలో ఒకరు చెప్పినట్టే డ్యాష్‌బోర్డు విప్పించాం. ట్రాకర్ యాంటెన్నా ఇనప పట్టీ కింద బోర్లా పడి ఉంది! బిగించినాయన పుణ్యమా అని దానికి ఆకాశమే కనపడలేదు. ఉపగ్రహం నుంచి సిగ్నల్ రావడానికి పట్టిన సమయాన్ని బట్టే ట్రాకర్ దూరం లెక్కేస్తుంది; అది ఇనుముకి తగిలి తిరిగొస్తే ఆలస్యమవుతుంది. 10 నానోసెకన్ల (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) ఆలస్యానికే దూరం లెక్క 3 మీటర్లు తప్పుతుంది. మన గట్టు రోడ్డు వెడల్పెంతో తెలుసుగా! ముందు అద్దం కింద, పైకి చూసేలా అతికించాక బండి రోడ్డు మీదకొచ్చింది. కొబ్బరితోటలు దట్టంగా ఉన్నచోట ఇంకా కాస్త అటూ ఇటూ ఊగుతోంది. సరే, అంతవరకు భరించొచ్చు.

ఆగినట్టు కనిపించడం మాత్రం వేరే సంగతి. ఉపగ్రహాల నుంచి ట్రాకర్ వినడమే తప్ప, మనకి కబురు పంపేది సిమ్ మీద. టవర్ అందని చోట లెక్కలన్నీ దాచుకుని, అందగానే ఒకేసారి పంపుతోంది. రిపోర్టులో ఉపగ్రహ సమయం, సర్వర్‌కి చేరిన సమయం రెండూ ఉన్నాయి. యాప్ రెండోది చూపించేది. మొదటిది చూపించేలా సెట్టింగ్ మార్చాం.

డ్రైవర్ టీ కొట్టు దగ్గర కూర్చుంటున్నాడని ఇన్నాళ్లూ ఎగిరిన మా బాబాయి ఇప్పుడు ఐసు రేటు మీద పడ్డాడు. రెండో సిమ్ ఉన్న ట్రాకర్ వాడుతున్నవాళ్లుంటే ఎలా ఉందో చెప్పండి.