క్యాంపస్ నెట్‌వర్క్ మొత్తం మార్చాలి: గ్రాంటు డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

కోర్_గది:
రాష్ట్ర విశ్వవిద్యాలయం. 14 భవనాలు, 5 హాస్టళ్లు. విద్యాసంస్థలను కలిపే జాతీయ నెట్‌వర్క్ ఎన్‌కేఎన్ లింకు 1 జీబీపీఎస్. భవనాల మధ్య ఓఎం2 అనే పాత రకం మల్టీమోడ్ ఫైబర్, లోపల క్యాట్5ఈ రాగి కేబుల్. స్విచ్‌లకు కంపెనీ సపోర్టు ఎప్పుడో ఆగిపోయింది, క్యాంపస్ అంతా ఒకే వీల్యాన్‌లో, అంటే విడగొట్టని ఒకే నెట్‌వర్క్ ముక్కలో నడుస్తోంది. గ్రాంటు వచ్చింది కానీ కమిటీలో అందరి చూపూ అన్ని భవనాలనూ కలిపే కోర్ స్విచ్ మీద, 300 వైఫై యాక్సెస్ పాయింట్ల మీదే. పని మే సెలవుల్లో అయిపోవాలి. టెండరు స్పెసిఫికేషన్ రాసేముందు ఏమేం చూసుకోవాలి?

ఫైబర్_మేస్త్రి:
సార్, స్విచ్‌ల సంగతి తర్వాత. ముందు భూమిలో ఉన్నదాన్ని చూడండి. ఓఎం2 మీద 1 జీ (1 జీబీపీఎస్) అయితే 550 మీటర్లు వెళ్తుంది, 10 జీ మాత్రం 82 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఎంత ఖరీదైన కోర్ స్విచ్ పెట్టినా దూరపు భవనాలకు అందేది పాత వేగమే. భవనాల మధ్య దూరం పోయే ఓఎస్2 సింగిల్ మోడ్ ఫైబర్ వేయించండి. స్విచ్‌కు గుచ్చే మామూలు ఎల్ఆర్ ఆప్టికల్ మాడ్యూల్‌తోనే 10 జీ పది కిలోమీటర్లు పోతుంది.

కేబుల్ ధర కంటే తవ్వకం ఖర్చే ఎక్కువ. అందుకే 6 కోర్‌లతో (ఫైబర్ పోగులతో) సరిపెట్టకుండా భవనానికి 24 వేయించండి. 40 ఎంఎం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు, మీటరు లోతు, పక్కనే ఒక ఖాళీ పైపు. రోడ్డు దాటే చోట జీఐ ఇనుప పైపు. ప్రతి ఛాంబర్‌లో పది మీటర్లు చుట్టి వదలాలి, రేపు తెగితే అతకడానికి అదే దిక్కు. ప్రతి భవనానికి రెండు దారులు కావాలి, అవి వేర్వేరు ట్రెంచ్‌ల్లో రావాలి. ఒకే ట్రెంచ్‌లో రెండు కేబుళ్లు వేసి రింగు అని చూపిస్తారు, జేసీబీ ఒక్కసారి తగిలితే రెండూ పోతాయి.

పని అయ్యాక, ఫైబర్‌లో కాంతి ఎక్కడ ఎంత తగ్గిందో చూపే ఓటీడీఆర్ పరికరం రీడింగు రెండు చివరల నుంచీ, 1310, 1550 నానోమీటర్ల కాంతి రెండింటిలోనూ తీయించండి. 1310లో బాగుండి 1550లో ఒక చోట నష్టం పెరిగిందంటే అక్కడ కేబుల్ వంగిందో, క్లాంపు కింద నలిగిందో అన్నమాట. రెండింటిలోనూ దాదాపు సమానంగా పడితే స్ప్లైసు, అంటే ఫైబర్ అతుకు, చెడ్డది. నష్టం 0.1 డీబీ దాటిన స్ప్లైసును మళ్లీ చేయించండి, ఒప్పుకోకండి.

రాగి_జత:
భవనాల మధ్య రాగి కేబుల్ ఎక్కడైనా మిగిలి ఉంటే అది కూడా తీసేయించండి. పిడుగు పడ్డప్పుడు రెండు భవనాల ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా ఆ తీగ మీదుగానే స్విచ్‌ పోర్టులోకి వస్తుంది.

లోపలి క్యాట్5ఈ మొత్తం పీకాలని మాత్రం నేను అనను. టెస్టర్‌లో పాసైన క్యాట్5ఈ మీద 2.5 జీ వంద మీటర్లు నడుస్తుంది. డెస్కు పాయింట్లకు అది చాలు. కొత్తగా లాగే యాక్సెస్ పాయింట్ కేబుళ్లు మాత్రం క్యాట్6ఏ అడగండి. గోడలో ఉండే భాగం 90 మీటర్లు దాటకూడదు, రెండు చివరలా గుచ్చే ప్యాచ్ కార్డులకు మిగిలేది 10.

అసలు భయం రాగిపూత పూసిన అల్యూమినియం తీగ. పెట్టె మీద క్యాట్6 అని ముద్ర ఉంటుంది, పీఓఈ, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు, ఎక్కించగానే కట్టలు వేడెక్కుతాయి, కొన్నాళ్లకు కనెక్టర్ దగ్గర విరుగుతుంది. సైటుకు వచ్చిన పెట్టెల్లోంచి మీరే ఏవో రెండు తీయండి. అలాంటి తీగ కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఇంకా గట్టి రుజువు కావాలంటే పెట్టె విప్పకుండా ఒక జత తీగల్ని ఒక చివర కలిపి, రెండో చివర మల్టీమీటర్ పెట్టండి. ప్రమాణం ప్రకారం వంద మీటర్ల తీగకు 9.38 ఓమ్‌లు మించకూడదు. 305 మీటర్ల పెట్టెలో పోనూ రానూ 610 మీటర్లు, అంటే 57 ఓమ్‌ల లోపు రావాలి. మంచి 23 గేజ్ రాగి అయితే 40, 45 మధ్య చూపిస్తుంది. 57 దాటితే లారీ వెనక్కి పంపండి.

కోర్_గది:
@రాగి_జత ఈ పరీక్షను టెండరులోనే రాయవచ్చా?

రాగి_జత:
తప్పకుండా రాయండి. "సైటులో యాదృచ్ఛికంగా తీసిన పెట్టెలపై నిరోధ పరీక్ష, విఫలమైతే లాటు మొత్తం తిరస్కరణ" అని ఒక్క వాక్యం చాలు.

యూపీఎస్_మేడమ్:
కరెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. 48 పోర్టుల పీఓఈ స్విచ్ సాధారణంగా 740 వాట్లు ఇస్తుంది. పోర్టుకు 30 వాట్లు లెక్కేస్తే 24 యాక్సెస్ పాయింట్లకే సరి. స్పెసిఫికేషన్‌లో "48 పోర్టులూ పీఓఈ" అని మాత్రమే రాస్తే ఈ పవర్ బడ్జెట్ ఎంతో చెప్పకుండా చిన్న పవర్ సప్లైతో ఇచ్చేస్తారు. మొత్తం వాట్లు అంకెలో రాయండి.

స్విచ్‌లు బిగించే ర్యాకు సాకెట్ దగ్గర న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలవండి. 2 వోల్టులు దాటితే ముందు ఎర్తింగ్ సరిచేయాలి, ఆ తర్వాతే కొత్త స్విచ్ బిగించాలి. ఇంకొకటి, ర్యాకు గదులు చాలా భవనాల్లో డాబా కింద పై అంతస్తులో ఉంటాయి. మన వేసవిలో అక్కడ 40 డిగ్రీలు మామూలు. యూపీఎస్‌లోని సీల్డు లెడ్ బ్యాటరీకి 25 దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగం అవుతుంది. ర్యాకును కింది అంతస్తుకు దించడం ఏసీ బిగించడం కంటే మేలు. వాననీరు చేరే సెల్లార్లు మాత్రం వద్దు.

వైఫై_ప్లాన్:
300 యాక్సెస్ పాయింట్లు అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది సార్? సైట్ సర్వే లేకుండా వచ్చిందైతే పక్కన పెట్టండి. హాస్టల్ వరండాలో వరసగా బిగిస్తే ఒకదాన్నొకటి నేరుగా చూసుకుంటూ అడ్డుపడతాయి, గదిలోకి మాత్రం సిగ్నల్ రాదు. గదుల లోపల గోడకు బిగించే రకం పెట్టండి. 120 సీట్ల క్లాసురూమ్‌లో ఫోనూ ల్యాప్‌టాపూ కలిపి 240 పరికరాలు, కాబట్టి మూడు కావాలి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 తప్ప వేరే ఛానళ్లు వద్దు, దగ్గర దగ్గరగా ఉన్నవాటిలో కొన్నింటికి 2.4 రేడియోనే ఆపేయండి.

రేడియస్_వాడు:
వైఫై లాగిన్ పేజీ పద్ధతి వదిలి, కనెక్టయ్యేటప్పుడే ప్రతి ఒక్కరి ఖాతానూ సర్వర్ తనిఖీ చేసే 802.1ఎక్స్‌కి రండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ గుర్తింపు సంఖ్య అయిన మ్యాక్ అడ్రసు మారుస్తున్నాయి, మ్యాక్‌తో గుర్తుపట్టే పద్ధతి నిలబడదు. ఎలాగూ చేస్తున్నారు కాబట్టి ఒకే లాగిన్‌తో వేరే విశ్వవిద్యాలయాల వైఫై వాడుకోనిచ్చే ఎడ్యురోమ్‌లో కూడా చేరండి, మన దేశంలో దాన్ని నడిపేది విద్యా నెట్‌వర్క్ సంస్థ ఎర్నెట్.

మొదలుపెట్టేముందు విద్యార్థుల పాస్‌వర్డులు ఎల్‌డాప్ అనే ఖాతాల డైరెక్టరీలో ఏ రూపంలో ఉన్నాయో చూడండి. అసలు పాస్‌వర్డు తిరిగి రాబట్టలేని, సాల్టు కలిపిన షా హ్యాషులైతే పీప్, ఎంఎస్‌చాప్ అనే లాగిన్ పద్ధతులు పనిచేయవు, గుప్తీకరించిన టీటీఎల్‌ఎస్ దారిలో పాస్‌వర్డును నేరుగా పంపే ప్యాప్ వాడాలి. సర్వర్ సర్టిఫికెట్ తనిఖీ మానేసే వీలు కూడా కొత్త ఆండ్రాయిడ్‌లలో తీసేశారు, అందుకే సెట్టింగులు చేతితో నింపమనకుండా వాటిని తానే నింపే ఎడ్యురోమ్ క్యాట్ ఇన్‌స్టాలర్ ఇవ్వండి.

ఎవరు ఎప్పుడు నెట్ వాడారో నమోదయ్యే లాగుల సంగతి: కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం 180 రోజులు దేశంలోనే దాచాలి, గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయ సర్వర్లతో కలవాలి, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో తెలపాలి. ఒకే బయటి ఐపీని చాలామందికి పంచే న్యాట్ లాగులో పోర్టు నంబరు లేకపోతే ఆ లాగుతో వ్యక్తిని పట్టుకోలేం. ఈ నిల్వకు డిస్కు ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో చూపండి.

ట్రంక్_పోర్ట్:
మార్చే రోజు గురించి. కొత్త కోర్‌ను పాతదాని పక్కనే నిలబెట్టి మధ్యలో అన్ని వీల్యాన్లనూ మోసే ట్రంక్ లింకు వేయండి, భవనాన్ని భవనంగా తరలించండి. లూపులు రాకుండా స్విచ్‌ల మధ్య దారులు తేల్చడానికి కేంద్రంగా ఉండే రూట్ బ్రిడ్జి కొత్త కోరే కావాలి, దానికి ప్రాధాన్యం 4096 ముందే ఇవ్వండి, లేదంటే ఏ ల్యాబులోనో ఉన్న పాత స్విచ్ రూట్ అయి కూర్చుంటుంది. హాస్టల్ పోర్టుల్లో, వేరే స్విచ్ గుచ్చితే పోర్టు మూసే బీపీడీయూ గార్డు, అనుమతి లేని పరికరాలు ఐపీలు పంచకుండా ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్ తప్పనిసరి. ఎవరో ఇంటి రౌటర్‌ను ల్యాన్ పోర్టు వైపు గుచ్చితే అది ఆ వీల్యాన్ అంతటికీ తన 192.168 అడ్రసులు పంచుతుంది. కొన్ని స్విచ్‌లలో స్నూపింగ్ పెట్టగానే ఐపీ అడిగే ప్యాకెట్లకు ఆప్షన్ 82 అనే పోర్టు వివరం తగిలించి పంపుతాయి, వాటిని సర్వర్‌కు చేరవేయాల్సిన పైనున్న రిలే ఆ ప్యాకెట్లను పారేస్తుంది, ఎవరికీ ఐపీ రాదు. యాక్సెస్ స్విచ్‌లో ఆ ఆప్షన్ ఆపితే సరి.

ఇప్పటి నుంచే ఏ ఐపీ ఏ పరికరానిదో చూపే ఆర్ప్ పట్టికలు రోజూ సేకరించండి. బయోమెట్రిక్ మెషీన్లు, సీసీటీవీ రికార్డర్లు, పరీక్షల విభాగం ప్రింటర్లు అన్నీ స్థిర ఐపీలతో ఉంటాయి, వాటి జాబితా ఎవరి దగ్గరా ఉండదు. వాటిలో 10 ఎంబీపీఎస్ హాఫ్ డ్యూప్లెక్స్‌వి, అంటే ఒకసారికి ఒక వైపే పంపే పాతవి, ఉంటే కొత్త మల్టీగిగ్ (2.5 జీ వంటి) పోర్టుల్లో చాలావాటికి లింకే రాదు, భవనానికొక మామూలు గిగాబిట్ స్విచ్ ఉంచుకోండి.

జెమ్_ఫైలు:
కేబుళ్లు, తవ్వకం వంటి పాసివ్ పని ఒక టెండరు, స్విచ్‌లూ వైఫై ఇంకొకటి. ఫైబర్ 15, 20 ఏళ్లు ఉంటుంది, స్విచ్‌లు ఆరేడేళ్లు. రెండూ కలిపితే స్విచ్‌ల మార్కెట్ తెలిసినవాడు తవ్వకం సబ్‌కాంట్రాక్టుకు ఇచ్చేస్తాడు. జాబితాలో స్విచ్‌కు ఫైబర్ కలిపే ఎస్ఎఫ్‌పీ మాడ్యూళ్లు, ప్యాచ్ కార్డులు, ర్యాకులో కరెంటు పంచే పీడీయూలు విడిగా రాయండి, ఎక్కువగా మరిచిపోయేవి ఇవే. వైఫై లైసెన్సు ధర 5 ఏళ్లకు కలిపి పోల్చండి, గడువు తీరితే యాక్సెస్ పాయింట్లు పనిచేస్తాయా ఆగిపోతాయా అన్నది లిఖితపూర్వకంగా అడగండి. ఫైర్‌వాల్‌కు ఉత్త త్రూపుట్ కాదు, అన్ని తనిఖీలూ ఆన్ చేశాక వచ్చే వేగం అడగాలి. ఆఖరి వాయిదా డబ్బు ఓటీడీఆర్, కేబుల్ టెస్టు ఫైళ్లు, వేసినది వేసినట్టు గీసిన మ్యాపు చేతికొచ్చాకే.

కోర్_గది:
అయితే మొదటి విడత ఫైబర్, ఎర్తింగ్, ర్యాకు గదులు అని నోట్ పెడతాను. పాత స్విచ్‌లను ఏం చేయాలి?

ట్రంక్_పోర్ట్:
వాటిలో లాగిన్ తనిఖీ చేసే రేడియస్ సర్వర్ రహస్యాలు, స్విచ్‌లను దూరం నుంచి గమనించే ఎస్ఎన్ఎంపీ పాస్‌వర్డులు ఉంటాయి. కొన్నింటిలో కాన్ఫిగరేషన్ చెరిపినా వీల్యాన్ ఫైలు ఫ్లాష్‌లోనే ఉండిపోతుంది, దాన్ని విడిగా తొలగించండి. తర్వాత 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు ఫైల్లో పెట్టండి. అన్నీ ఇవ్వకండి, పనిచేసేవి నాలుగు శుభ్రం చేసి ఎంసీఏ ల్యాబుకు పంపండి, వీల్యాన్లు కట్టడం పిల్లలు వాటిమీదే నేర్చుకుంటారు.