కెసిక్ కన్వెన్షన్‌కి పిల్లలు, అత్తయ్యతో వారం రోజులు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లెస్టర్ అమ్మ:
అందరికీ వందనాలు. ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెసిక్ ఊళ్లో ఏటా జరిగే క్రైస్తవ కూటాలకి, అదే కెసిక్ కన్వెన్షన్‌కి, ఈసారి కుటుంబమంతా వెళ్దామని మా ఆయన పట్టుబడుతున్నారు, అదీ టెంట్‌లో ఉందామని. పాపకి 13, బాబుకి 6. మా అత్తయ్యగారు ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు, 68 ఏళ్లు, ఇంగ్లీష్ రాదు. నేనైతే టెంట్‌లో ఒక్క రాత్రి కూడా పడుకున్నదాన్ని కాదు. కానీ నా అసలు టెన్షన్ పాప గురించే. తెలుగు ఆరాధనకి తీసుకెళ్తే పాటలు అర్థం కావడం లేదంటుంది, ఇంగ్లీష్ చర్చికి వెళ్తే తన ఈడు వాళ్లు ఇద్దరు ముగ్గురే, వాళ్లతో కలవదు. ఈ మధ్య రాత్రి కుటుంబ ప్రార్థనకి పిలిస్తే గదిలోంచి బయటికే రావడం లేదు. వారం పాటు పొద్దున్నుంచి రాత్రి దాకా వాక్యమే అంటే ఇంకా దూరమైపోతుందేమోనని భయంగా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గుంటూరు టు లీడ్స్:
సిస్టర్, మేము మూడుసార్లు వెళ్లాం. పొద్దున్నుంచి రాత్రి దాకా కూటాలు ఉంటాయన్న భయం వదిలేయండి. పొద్దున ఒక బైబిల్ ధ్యానం, వారమంతా సాధారణంగా ఒకే పుస్తకం మీద వరసగా సాగుతుంది. అదే సమయానికి పిల్లలకి వయసులవారీగా వేరే తరగతులు, మన దగ్గర సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు, వీబీఎస్ లాగే. వాటికి పేర్లు ముందే నమోదు చేయించాలి. సాయంత్రం పెద్ద కూటం. మధ్యాహ్నాలు చాలావరకు మనవే, మేము డెర్వెంట్‌వాటర్ సరస్సు దగ్గరే గడిపేవాళ్లం.

కూటాలకి టికెట్ లేదు, కానుకల మీదే నడుస్తాయి. 1875లో అక్కడి పాస్టర్‌గారి ఇంటి పెరట్లో డేరా వేసి మొదలుపెట్టారు, ఇప్పుడు జులై మధ్య నుంచి మూడు వారాలు జరుగుతాయి, మీరు ఒక వారం ఎంచుకుంటే చాలు. మొదటి వారానికి చాలా ఊళ్లలో బడులు ఇంకా మూయరు కాబట్టి తరవాత వారాల్లో బస దొరకడం కష్టం. అందుకే ఇప్పుడే బుక్ చేసుకోండి.

వాన మాత్రం పక్కా. ఇంగ్లండ్‌లో మనుషులు కాపురముండే చోట్లలో అన్నిటికంటే ఎక్కువ వాన పడే సీత్‌వెయిట్ అక్కడికి పది మైళ్ల లోపే. మేము మొదటిసారి చవక టెంట్ కొని మూడో రాత్రి ఒంటిగంటకి దుప్పట్లన్నీ పిండుకుని కారులో పడుకున్నాం. ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం: వాన పడుతోంది కదా అని గ్యాస్ స్టవ్ టెంట్ లోపల వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, నిద్రలోనే ప్రాణాలు పోతాయి.

చీరాల సిస్టర్:
అత్తయ్యగారిని టెంట్‌లో పడుకోబెట్టొద్దమ్మా. నేల చెమ్మ, రాత్రిపూట బాత్రూమ్‌కి టార్చ్ పట్టుకుని అంత దూరం నడవడం ఆవిడ వల్ల కాదు. ఊళ్లో ఒక గది తీసుకుని ఆవిడతో ఒకరు ఉండండి, మేము అలాగే చేశాం.

భాష గురించి నేనూ చాలా దిగులుపడ్డాను. మా అత్తయ్య తన తెలుగు బైబిల్ తెచ్చుకున్నారు, రబ్బరు బ్యాండ్ వేసి ఉంటుంది, లేకపోతే పేజీలు ఊడి వస్తాయి. మొదటి రోజు ఏ భాగమో నేను తీసి ఇచ్చాను. రెండో రోజు పక్కన కూర్చున్న ఒక పెద్ద ఇంగ్లీషావిడ తన బైబిల్‌లో అధ్యాయం అంకె మీద వేలు పెట్టి చూపించింది, మా అత్తయ్య అదే అంకె వెతుక్కుని తన పుస్తకంలో తీశారు. వారమంతా ఇద్దరూ అక్కడే, అదే వరసలో. ప్రసంగంలో ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆ భాగాన్ని రోజూ మూడు నాలుగుసార్లు చదువుకుని సాయంత్రం మాకే వివరించేవారు. ఆ కన్వెన్షన్ వాళ్లు తమ మాటగా పెట్టుకున్నది గలతీ 3:28, "మీరందరును ఏకముగా ఉన్నారు" అన్నదే. నేను దాన్ని కళ్లారా చూశాను.

కోవెంట్రీ పిల్ల:
అక్కా, నాకిప్పుడు 21. నేను 14 ఏళ్లప్పుడు ఏడుస్తూ వెళ్లాను కాబట్టి మీ పాప తరఫున చెప్తాను. తనని తన గుంపుకి పంపించి వచ్చేయండి, గుమ్మం దగ్గర నిలబడొద్దు, బయటికి రాగానే "ఏం నేర్చుకున్నావు" అని అడగొద్దు.

మా గుంపులో ఒక రోజు ఒకమ్మాయి, నేను ప్రార్థన చేస్తే ఎవరూ వింటున్నట్టు అనిపించదు అని అందరి ముందూ అనేసింది. నాకు గుండె ఆగినంత పనైంది, అది నేను ఏడాదిగా లోపల పెట్టుకున్న మాట. ఎవరూ తిట్టలేదు, కీర్తనల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూద్దామని 13వ కీర్తన తీశారు. ఆ రాత్రి టెంట్ మీద వాన ఎంత గట్టిగా పడుతోందంటే పక్క టెంట్ వాళ్లకి మా మాటలు వినపడే అవకాశమే లేదు. చీకట్లో డాడీని అడిగాను, మీకెప్పుడైనా అలా అనిపించిందా అని. నాయనమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నెల రోజులు అలాగే ఉందిరా అన్నారు. డాడీ నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదటిసారి. ఇంట్లో ఎవరి గది వాళ్లది కదా అక్కా, అక్కడ ఐదుగురం ఒకే గుడ్డ కింద పడుకున్నాం.

ఒక మధ్యాహ్నం మీరూ పాపా ఇద్దరే క్యాట్‌బెల్స్ కొండ ఎక్కండి, 451 మీటర్లే, సరస్సు మీద పడవలో కొండ కింద హాస్ఎండ్ రేవు దాకా వెళ్లొచ్చు. చివర్లో కాస్త రాళ్లు పట్టుకుని ఎక్కాలి. ఎమీ కార్మైకేల్ గురించి కూడా దారిలో చెప్పండి. ఈ కెసిక్ వాళ్లు 1893లో పంపిన మొదటి మిషనరీ ఆవిడే, తరవాత తమిళనాడులో దోహ్నావూర్‌లో పిల్లల్ని పెంచి 1951లో అక్కడే చనిపోయారు. సమాధి మీద రాయి వద్దన్నారట, పిల్లలు పక్షులు నీళ్లు తాగే తొట్టి పెట్టి దాని మీద "అమ్మ" అని రాయించారు.

లెస్టర్ అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. కోవెంట్రీ చెల్లీ, నీ మాటలు మా ఆయనకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండో వారం ఖాయం చేశాం. అత్తయ్యగారికి, నాకు గది, ఆయన పిల్లలు టెంట్‌లో, మధ్యలో రెండు రాత్రులు నేనూ టెంట్‌కి వెళ్తాను. రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా?

గుంటూరు టు లీడ్స్:
కరెంట్ ఉన్న పిచ్ (టెంట్ వేసుకునే చోటు) అడిగి తీసుకోండి సిస్టర్, చిన్న కుక్కర్ ఒక్కటే పెట్టండి, దాంతోపాటు కెటిల్ పెడితే ఫ్యూజ్ పోతుంది. కందిపొడి, గోంగూర మర్చిపోవద్దు.