చలికీ, భూమి వేడెక్కడానికీ సంబంధం మా చిన్నాన్నకు ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న పొద్దున మా ఇంటి వాట్సాప్ గ్రూపులో చిన్నాన్న ఒక ఫొటో పెట్టారు. వాకిట్లో చలిమంట, పక్కన అరుగు మీద తెల్లగా గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా. కింద "భూమి వేడెక్కుతోందన్నావు కదా, వచ్చి చూడు" అని రాశారు.

1901 నుంచి ఉన్న లెక్కల్లో మన దేశంలో సగటున అత్యంత వేడిగా ఉన్న ఏడాది 2024 అని వాతావరణ శాఖే చెప్పిందని రాశాను. "సగటుతో నాకేం పని, ఇక్కడ వణికి చస్తున్నాం" అన్నారు. మాటా మాటా పెరిగింది. "తెలియకపోతే ఊరుకోండి" అనేశాను. అప్పటి నుంచి ఆయన ఫోన్ ఎత్తడం లేదు. నలభై ఏళ్లుగా పత్తి పండిస్తున్న మనిషిని అలా అనకూడదు. చాలా బాధగా ఉంది.

ఉత్తరం నుంచి పొడిగాలి వీచి, రాత్రి మబ్బు లేకపోతే నేలలోని వేడి త్వరగా పైకి పోతుంది, అందుకే ఈ చలి. ఇలాంటి రాత్రులు ఇకముందూ వస్తాయి, కాకపోతే మొత్తం మీద తగ్గుతూ పోతాయి. ఇది నాకు అర్థమైంది కానీ చెప్పడం రావడం లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ఏ పోలికతో చెప్పారు? ఆదిలాబాద్ పాత ఉష్ణోగ్రతలు రోజువారీగా ఎక్కడ దొరుకుతాయి? ఆయన చిన్నప్పటి చలికాలాలు, ఇప్పటివి పక్కపక్కన పెట్టి చూపిస్తే వింటారని నా ఆశ. సంక్రాంతికి ఊరెళ్తున్నాను, ఆలోపు చెప్పగలరా?