పాత ఫియట్ స్టీల్ బీడింగ్: మెరుపు వచ్చింది, గీతలు పోలేదు

నమస్తే అండీ. మాది విజయవాడ, పటమట. నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారుని (అదే, పాత ఫియట్) మళ్ళీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. ఇంజను, పెయింటు అయిపోయాయి. తలుపుల మీది స్టీల్ బీడింగ్ (అందానికి పెట్టే పల్చటి పట్టీలు) దగ్గర ఆగిపోయాను.

ఆటోనగర్‌లో ఒకాయన "క్రోమ్ వేయించెయ్యండి" అన్నారు. కానీ ఇది పూత కాదుగా, అసలు లోహమే స్టెయిన్‌లెస్. రుద్దితే దాని మెరుపు అదే వస్తుంది. అందుకే ఇంట్లోనే మొదలుపెట్టా. చెక్క దిమ్మ మీద బోర్లా పెట్టి, వెనక నుంచి చిన్న సుత్తితో సొట్టలు లేపాను. తర్వాత 320, 400, 600, 1000 నంబర్ల వాటర్ పేపర్లతో (నీళ్ళతో రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ నునుపు) రుద్దాను. చివర్లో బెంచ్ గ్రైండర్‌కి గుడ్డ బఫ్ (పాలిష్ పట్టే గుడ్డ చక్రం), ఆకుపచ్చ పాలిష్ సబ్బు.

నీడలో బ్రహ్మాండంగా ఉంది. ఎండలో పెడితే మాత్రం మెరుపు కింద సన్నటి గీతలు, ఒకచోట పసుపు మరక. అక్కడే ఎక్కువసేపు నొక్కి వేడెక్కించేశానేమో. పైగా బఫ్ అంచుకి తగులుకుని ఒక ముక్క ఎగిరి మల్లె కుండీలో పడింది. అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.

గీతలు పోవాలంటే మళ్ళీ 320 నుంచి మొదలుపెట్టాలా, 600 చాలా? గుడ్డ బఫ్‌కి ముందు సైజల్ బఫ్ (గరుకు నారతో చేసిన చక్రం) తప్పనిసరా? ఇంత పల్చటి పట్టీని వంగకుండా దేనికి బిగిస్తారు? మెట్ల రెయిలింగ్‌కి పాలిష్ పట్టేవాళ్ళకి ఇవ్వొచ్చా, పాడుచేస్తారా? బెజవాడలోగానీ గుంటూరులోగానీ ఈ పని చేయించినవాళ్ళుంటే కాస్త చెప్పండి.