క్లిప్ వేసే దశ ఎక్కడ మొదలైనట్టు? సర్జన్లు, ఎంఎల్ (మెషిన్ లెర్నింగ్) తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండీ. ఎంటెక్ ప్రాజెక్టుగా ల్యాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి) గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసే ఆపరేషన్ వీడియో చూసి, ఏ దశ నడుస్తోందో చెప్పే మోడల్ చేస్తున్నాను. డేటా కోలెక్80 అనే వీడియోల సెట్. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 13 మంది సర్జన్లు చేసిన 80 ఆపరేషన్లు, ఏడు దశలు.

మొదట అన్ని వీడియోల ఫ్రేములూ (విడి చిత్రాలు) కలిపేసి ట్రెయినింగుకీ టెస్టుకీ విడగొట్టాను. స్కోరు అదిరిపోయింది. ఒకే ఆపరేషన్ ఫ్రేములు ట్రెయినింగులో, టెస్టులో రెండింట్లోనూ పడ్డాయని తర్వాత తెలిసింది. వీడియోలవారీగా 40, 40 చేయగానే స్కోరు పడిపోయింది. అది సరిదిద్దుకున్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. ఒక వీడియోలో సిస్టిక్ డక్ట్ (గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే గొట్టం, క్లిప్ వేసి కోసేది) చుట్టూ కొవ్వు విడదీస్తుండగా క్లిప్పర్ (క్లిప్ బిగించే పరికరం) లోపలికొచ్చింది, క్లిప్ వేయకుండానే వెనక్కి వెళ్లింది, మళ్లీ హుక్ (విడదీసే కొక్కెం) వచ్చింది. ఇంతలో కాటరీ (కరెంటు వేడితో కాల్చడం) పొగ కమ్మేసింది. కెమెరా బయటికి తీసి లెన్స్ తుడిచారు. అంతసేపూ మోడల్ విడదీసే దశకీ, క్లిప్ వేసే దశకీ మధ్య ఊగుతూనే ఉంది.

సర్జన్లకు నా ప్రశ్న: క్లిప్పర్ కనిపించగానే ఆ దశ మొదలైనట్టా, మొదటి క్లిప్ బిగిస్తేనా? పొరపాటున కామన్ బైల్ డక్ట్‌కి (కాలేయం నుంచి పేగుకి పిత్తం తీసుకెళ్లే ప్రధాన గొట్టం) క్లిప్ పడితే పేషెంట్ బతుకే తలకిందులవుతుంది కదా, అందుకే ఇక్కడ ఉజ్జాయింపుగా వదిలేయడానికి మనసొప్పట్లేదు.

ఎంఎల్ వాళ్లకు: రెస్‌నెట్-50 (ఒక్కో ఫ్రేమును చూసే నెట్‌వర్క్) మీద ఎల్ఎస్‌టీఎమ్ (వెనకటి ఫ్రేములను గుర్తుంచుకునే నెట్‌వర్క్) పెట్టాను. ఆపరేషన్ జరుగుతుండగానే చెప్పాలి కాబట్టి ముందు రాబోయే ఫ్రేములు వాడలేను. దాని బదులు టెంపోరల్ కన్వల్యూషన్‌కి (వరుస ఫ్రేములను ఒక కిటికీలా కలిపి చూసే పద్ధతి) మారితే ఈ ఊగిసలాట తగ్గుతుందా? పొగ పట్టిన ఫ్రేములు తీసేయాలా, ఉంచాలా? చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.