అప్‌డేట్: బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ షోకి వెళ్లొచ్చాం

2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో షో అయ్యాక రాత్రి ఇంటికెలా చేరాలని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. మెట్రో ఎల్బీ నగర్ దగ్గరే ఆగిపోతుంది, రానూపోనూ కారు మాట్లాడుకోండి అన్నారు. అక్కా నేనూ అలాగే చేశాం. చాలా థ్యాంక్స్!

ఇక షో గురించి. చాలా పాటలకు స్టేజీ మీద ఆయన ఒక్కరే. కాలితో పెడల్ నొక్కి, గిటార్ చెక్క మీద దరువేసి రికార్డు చేస్తారు. ఆ దరువు మళ్లీ మళ్లీ మోగుతూనే ఉంటుంది. దానిపైన తీగలు, ఆపైన గొంతు. ముందే చేసి తెచ్చింది కాదు, మన ఎదుటే పుడుతుంది పాట! ఇయర్‌ఫోన్లలో ఎన్నేళ్లు విన్నా ఇది తెలియదు. ఇంగ్లీషు పాటలు పెద్దగా వినని అక్క కూడా గొంతు కలిపింది.

బయటపడేసరికి బాగా ఆలస్యమైంది, అంతే. మళ్లీ వస్తే మాత్రం ఖరీదైనా స్టేజీ దగ్గరి టికెట్టే కొంటాను. ఆ పెడల్ మీద పాదం ఎలా కదులుతుందో దగ్గర్నుంచి చూడాలి.